ముందు చూపు, తర్వాతే కత్తి: ‘చివాల్రీ 2’ను ఆస్వాదించే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం పట్టణాల్లో కంప్యూటరు ఆటలు ఆడే మన తెలుగు కుర్రాళ్లలో చాలామంది తుపాకీ ఆటలతో మొదలుపెట్టి, ధర తగ్గించిన రోజున ‘చివాల్రీ 2’ను కొనుక్కొని, రెండు మూడు రాత్రులు ఆడి, కనిపించిన ప్రతివాడూ తమను నరికేస్తున్నాడని, తాము వేసిన దెబ్బ ఒక్కటీ తగలడం లేదని విసుగుపడి పక్కన పెట్టేస్తున్నారు. ఆ విసుగుకు కారణం ఆటలోనూ లేదు, ఆడేవారి చేతి వేగంలోనూ లేదు. తుపాకీ ఆటల్లో ముందుగా కాల్చినవాడు గెలుస్తాడు కాబట్టి మన వేళ్లకు ముందు కొట్టడమే అలవాటై ఉంటుంది. కత్తియుద్ధపు ఆటలో మాత్రం ముందు చూసినవాడు, వచ్చే దెబ్బను ఆపగలిగినవాడు, తనకూ ఎదుటివాడికీ మధ్య దూరాన్ని కంటితో కొలవగలిగినవాడు నిలబడతాడు. ఆ చూపు అలవడిన నాటి నుంచి, ఓడిపోయిన పోరు కూడా సంతోషంగానే గడుస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగాన్ని ఆ చూపుకే కేటాయించి, మిగిలినవాటిని అవసరమైన మేరకే చెబుతాను.

ఆట తెలియనివారికి కొన్ని మాటలు. కెనడాలోని టొరంటో నగరానికి చెందిన టోర్న్ బ్యానర్ స్టూడియోస్ 2012లో ‘చివాల్రీ: మెడీవల్ వార్‌ఫేర్’ అనే ఆటను విడుదల చేసింది. దానికి కొనసాగింపుగా ‘చివాల్రీ 2’ 2021 జూన్ 8న కంప్యూటర్లకు, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ యంత్రాలకు వచ్చింది. స్టీమ్ దుకాణంలోకి మరుసటి ఏడాది జూన్‌లో చేరింది. మధ్యయుగపు ఐరోపాను పోలిన ఒక కల్పిత రాజ్యంలో నీలి రంగు అగాథా పక్షం, ఎరుపు రంగు మేసన్ పక్షం తలపడుతూ ఉంటాయి. టెనోసియా అనే మూడో పక్షాన్ని తర్వాత చేర్చారు. ఒక్కో పోరులో 64 మంది వరకు ఉంటారు. ఏ యంత్రం మీద ఆడుతున్నవారైనా ఒకే పోరులో కలుసుకునే వీలుంది. తలలు తెగడం, చేతులు ఊడిపడటం, నెత్తురు చిమ్మడం ఇందులో నిత్యం కనిపిస్తాయి. ఐరోపా రేటింగు సంస్థ దీనిని 18 ఏళ్లు నిండినవారికే తగినదిగా వర్గీకరించింది. ఇంట్లో చిన్నపిల్లలు మెలకువగా ఉన్న వేళ హాలులోని పెద్ద టీవీకి తగిలించి ఆడటం ఎంతమాత్రం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

యంత్రం, నెట్, కరెంటు

కంప్యూటరులో కనీసం 8 జీబీ ర్యామ్, సుమారు 20 జీబీ ఖాళీ స్థలం, విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. 16 జీబీ ర్యామ్ ఉంటే ఆట మరింత సాఫీగా నడుస్తుంది. పాత ల్యాప్‌టాప్ అయితే నీడలు, గడ్డి, దూరపు దృశ్యాల నాణ్యతను తగ్గించి, సెకనుకు వచ్చే చిత్రాల సంఖ్య నిలకడగా ఉండేలా చూసుకోవాలి. అందం తగ్గినా ఫరవాలేదు గాని, ఎదుటివాడి చెయ్యి లేచే క్షణంలో తెర గిజగిజలాడితే నేర్చుకున్న విద్య అంతా వృథా అవుతుంది. మన ప్రాంతపు ఎండల్లో ల్యాప్‌టాప్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, దానిని పరుపు మీద కాకుండా గట్టి బల్ల మీద, అడుగున గాలి ఆడేలా పెట్టుకోవాలి.

నెట్ విషయంలో డౌన్‌లోడు వేగం కన్నా పింగ్ ముఖ్యం. మీ మౌస్ నొక్కు సర్వరుకు చేరి, దాని జవాబు తిరిగి రావడానికి పట్టే కాలమే పింగ్. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బరంపురం నుంచి ముంబైకి ఆకాశమార్గాన దాదాపు 1,250 కిలోమీటర్లు, సింగపూర్‌కు దాదాపు 2,900 కిలోమీటర్లు ఉంటాయి. అంటే తీగ నేరుగా పరిచినా రానూపోనూ ముంబైకి 12 మిల్లీసెకన్లు, సింగపూర్‌కు 29 మిల్లీసెకన్లు తప్పవు. నిజానికి తీగలు చుట్టు తిరిగి పోతాయి, మధ్యలో ఎన్నో యంత్రాల గుండా సమాచారం మారుతుంది కాబట్టి మీకు కనిపించే అంకె అంతకంటే చాలా ఎక్కువగానే ఉంటుంది. సర్వర్ల జాబితాలో ఒక్కొక్క దానికి ఎదురుగా చూపే పింగ్‌ను చూసి, తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. పింగ్ కాస్త ఎక్కువైనా అది నిలకడగా ఉంటే ఆ ఆలస్యానికి తగినట్టు కన్ను సర్దుకుంటుంది. ఒక్కో క్షణం ఒక్కోలా ఎగిరిపడే పింగ్‌తో మాత్రం ఎంత అభ్యాసం చేసినా ఫలితం ఉండదు. వైఫైని వదిలి రౌటరు నుంచి తీగను నేరుగా కంప్యూటరుకు తగిలించుకోవడం ఇందుకు అన్నిటికన్నా చౌకైన మందు. హాస్టల్లో నలుగురూ ఒకే నెట్ వాడుకునేవారు, మిగతావారు సినిమాలు చూసే రాత్రి తొమ్మిది, పది గంటల సమయాన్ని తప్పించడం మేలు. వేసవి గాలివానలకు గజపతి, రాయగడ జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. రౌటరుకు మాత్రమే సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పోరు మధ్యలో జట్టును వదిలిపోవలసిన అవసరం రాదు.

చేతికి అమరిక

ఆటలోని ట్యుటోరియల్‌ను దాటవేయకూడదు. అది చాలా చిన్నది, మూల సూత్రాలను బాగానే చెబుతుంది. అది పూర్తయ్యాక సెట్టింగుల్లో రెండు మార్పులు చేసుకోవాలని నేను చెబుతాను. మొదటిది, కంటికి కనిపించే దృశ్యపు వెడల్పును మీ కళ్లు తిరగనంత వరకు పెంచుకోవడం. పక్కనుంచి వచ్చే గొడ్డలి కనిపించకపోతే దానిని ఆపే ప్రశ్నే లేదు. రెండవది, పోటునూ (ముందుకు పొడిచే దెబ్బ), నెత్తిదెబ్బనూ (పైనుంచి వేసే దెబ్బ) మౌస్ చక్రం మీదనుంచి తీసి, మౌస్‌కు పక్క బటన్లు ఉంటే వాటి మీద పెట్టుకోవడం. ఆట తొలి అమరికలో, పక్కనుంచి ఊపే అడ్డదెబ్బ ఎడమ నొక్కుతోను, మిగిలిన రెండూ చక్రాన్ని అటూ ఇటూ తిప్పడంతోను వస్తాయి. దెబ్బను బలంగా వేయడానికి బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. చక్రాన్ని తిప్పి అలాగే పట్టుకోవడం సాధ్యం కాదు కదా. చవక మౌస్‌లో పక్క బటన్లు లేకపోతే కీబోర్డు మీద వేలికి అందే రెండు అక్షరాలను వాడుకోవచ్చు.

హెడ్‌ఫోన్ తప్పక పెట్టుకోవాలి. వెనుక పరుగెత్తుకొచ్చే అడుగుల చప్పుడు, కేకలు, బాణం దూసుకువచ్చే శబ్దం ఏ దిక్కునుంచో స్పష్టంగా తెలుస్తాయి. గుంపు పోరాటంలో సగం ప్రాణరక్షణ చెవులతోనే జరుగుతుంది.

ఏ పోరులో దిగాలి

కొత్తవారు ఒంటరిగా ఒకరితో ఒకరు తలపడే ద్వంద్వ సర్వర్లకు పోకూడదు. అక్కడ ఉండేవారిలో చాలామంది ఏళ్ల తరబడి ఆడుతున్నవారు. వారి చేతిలో వరసగా ఓడిపోవడం వల్ల మొదట్లో నేర్చుకునేదీ తక్కువే, మనసుకు కలిగే సంతోషమూ తక్కువే. 64 మంది పాల్గొనే ‘టీమ్ ఆబ్జెక్టివ్’ పోరులో దిగండి. అందులో ఒక పక్షం ముట్టడిస్తుంది, రెండో పక్షం కాపాడుకుంటుంది. పోరు దశలు దశలుగా ముందుకు సాగుతుంది. రుడ్‌హెల్మ్ ముట్టడిలో చక్రాల మీద కదిలే ఎత్తైన ముట్టడి గోపురాలను కోటగోడ దాకా తోయాలి; ఫాల్మైర్‌లో చెరసాలలో ఉన్న బందీలు బయటపడటానికి పోరాడతారు. ఇటువంటి చోట ఒక్కరినీ చంపలేని కొత్తవాడు కూడా గోపురం పక్కన నిలబడి దానిని తోస్తే జట్టుకు అక్కరకు వస్తాడు. తాను అక్కరకు వచ్చానన్న తృప్తి మొదటి గంటలోనే దొరకడం వల్లనే, ఈ పద్ధతిలో మొదలుపెట్టినవారు ఆటను మధ్యలో వదలరు.

చంపినవారి లెక్క చూపే పట్టికను మొదటి కొన్ని వారాలు తెరవకండి. ఆ పట్టికలో పై వరుసల్లో ఉన్నవారిలో కొందరు, ఇతరులు పోరాడుతున్న శత్రువుల వీపుల మీద దెబ్బలు వేస్తూ తిరిగేవారే. జెండా ఉన్న చోట ప్రాణం పెట్టి నిలబడ్డవారి పేర్లు తరచు కింద ఉంటాయి.

దూరం, చూపు, అడ్డు

దసరా రోజుల్లో ఒడిశా పల్లెల్లో జరిగే పైక అఖాడాను చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. కత్తీ డాలూ పట్టినవారు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతూ, ఆయుధపు కొన అందీ అందనంత దూరంలో అడుగులు వేస్తూ, ఎదుటివాడి దెబ్బ గాలిలో పోయిన మరుక్షణమే లోపలికి వస్తారు. ‘చివాల్రీ 2’లోని కత్తిసాముకు కూడా ప్రాణం ఆ ఒక్క అడుగు దూరమే. ఆటలో మీ ఆయుధం ఎంత దూరం అందుతుందో మొదట తెలుసుకోవాలి. ట్యుటోరియల్ స్థలంలోనో, పోరు మొదలుకాని వేళనో ఒక స్తంభం ముందు నిలబడి, ముందుకూ వెనక్కూ జరుగుతూ ఏ దూరంలో కొన తగులుతుందో, ఏ దూరంలో తగలదో చూసుకోండి. ఆ దూరం కంటికి పట్టుబడితే, ఎదుటివాడు దెబ్బ ఎత్తిన వెంటనే ఒక అడుగు వెనక్కి వేసి, అది ఖాళీగా పోగానే ముందుకు వచ్చి కొట్టగలుగుతారు. ఇంతకన్నా సులభమైన, ఇంతకన్నా ఎక్కువ ఆనందాన్నిచ్చే కిటుకు ఈ ఆటలో మరొకటి లేదని నేను నమ్ముతాను.

ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి. ఆయుధాన్ని వెనక్కి లాగడం మొదటి దశ, విసరడం రెండో దశ, తిరిగి యథాస్థితికి తెచ్చుకోవడం మూడో దశ. గాయం చేసేది రెండో దశ ఒక్కటే. కొత్తవాడి కన్ను ఎదుటివాడి ముఖం మీదో, మొండెం మీదో ఉంటుంది. ఆ కంటికి మొదటి దశ ముగిసి రెండో దశ సగంలో ఉన్నప్పుడు గాని దెబ్బ కనిపించదు. చూపును ఎదుటివాడి భుజం మీద, ఆయుధపు కొన మీద నిలపాలి. భుజం పక్కకు పోతే అడ్డదెబ్బ, చెయ్యి తలపైకి లేస్తే నెత్తిదెబ్బ, మోచేయి వెనక్కి పోతే పోటు. మొదటి నాలుగైదు పోరుల్లో గెలుపు సంగతి వదిలేసి, ప్రతి దెబ్బ ఏ రకమో మనసులో పేరు పెట్టి పిలుచుకోవడం మంచి అభ్యాసం. ‘అడ్డం’, ‘నెత్తి’, ‘పోటు’ అని నోటితో అనుకుంటూ ఆడినా తప్పులేదు. పక్క గదిలోని వారు వింతగా చూస్తారేమో గాని, కన్ను మాత్రం త్వరగా పదునెక్కుతుంది.

దెబ్బను ఆపడానికి కుడి నొక్కు చాలు, కానీ అడ్డు మీరు చూస్తున్న దిక్కుకే ఉంటుందని గుర్తుంచుకోవాలి. గొడ్డలి ఎడమ వైపు నుంచి వస్తుంటే ఆ గొడ్డలి వైపే చూపు తిప్పి అడ్డు పెట్టాలి. ఆపిన ప్రతి దెబ్బకూ మీ స్టామినా కొంత తరుగుతుంది. అది పూర్తిగా అయిపోయినప్పుడు మరో దెబ్బను ఆపితే చేతిలోని ఆయుధం జారి కిందపడుతుంది. కాబట్టి భయంతో అడ్డును ఎత్తి పట్టుకునే ఉండకుండా, దెబ్బ దగ్గరకు వచ్చినప్పుడు మాత్రమే ఎత్తాలి. పైగా ఎప్పుడూ అడ్డు పెట్టుకుని ఉండేవాణ్ణి కాలితో తన్ని చెదరగొట్టే వీలు ఈ ఆటలో ఉంది. ఎదుటివాడు అలా అడ్డు వెనుక దాక్కున్నప్పుడు మీరూ తన్నండి. ఆ తన్ను తగిలిన క్షణం అతనికి ఎంత చికాకో మీకు ఎంత సంతోషమో ఆడితేనే తెలుస్తుంది.

దెబ్బను ఆపిన వెంటనే తిరిగి కొట్టడాన్ని రిపోస్ట్ అంటారు. అలా కొట్టేటప్పుడు, ఆయుధం వెనక్కి లాగుతున్న దశలో ఎదురు నుంచి మరో దెబ్బ వచ్చినా అది ఆగిపోతుంది. ఇద్దరు ముగ్గురు మీద పడినప్పుడు ప్రాణం కాపాడేది ఇదే: ఒకరి దెబ్బను ఆపి, ఆ రక్షణలోనే మరొకరిని కొట్టాలి. ఇది చేతికి వచ్చేదాకా కౌంటర్ జోలికి పోకండి. కౌంటర్ అంటే ఎదుటివాడు ఏ రకం దెబ్బ వేస్తున్నాడో అదే రకం దెబ్బను, అది తగలబోయే ముందు మీరూ మొదలుపెట్టి, వెంటనే అడ్డు నొక్కి దానిని ఎదుర్కోవడం. అడ్డదెబ్బకు అడ్డదెబ్బ, పోటుకు పోటు. దెబ్బల రకాన్ని కన్ను గుర్తుపట్టనంత కాలం ఇది జూదం. గుర్తుపట్టడం మొదలైతే ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఒక తాళం, ఒక లయ ఏర్పడుతుంది. నాలుగైదు కౌంటర్లు వరసగా పడి, ఎవరో ఒకరు తాళం తప్పిన క్షణంలో పోరు ముగియడం ఈ ఆటలోని అత్యంత సుందరమైన దృశ్యం.

ఇక మోసపు దెబ్బలు. ఆయుధాన్ని ఎత్తి, కొట్టకుండా ఆపేయడాన్ని ఫీంట్ అంటారు. అవతలివాడు తొందరపడి అడ్డు పెట్టి దించిన సందులో అసలు దెబ్బ పడుతుంది. దీనికి మందు ఓపిక ఒక్కటే. ఆయుధం నిజంగా మీ వైపు కదలడం మొదలుపెట్టేదాకా అడ్డు ఎత్తకూడదు. మరొకటి, దెబ్బ విసురుతూ శరీరాన్ని తిప్పడం. ఆటలో గాయం ఆయుధపు అలుగు నిజంగా ప్రయాణించిన దారిని బట్టి తగులుతుంది కాబట్టి, దెబ్బ పోయే దిక్కుకే మౌస్‌ను తిప్పితే అది త్వరగా చేరుతుంది, వ్యతిరేక దిక్కుకు తిప్పితే ఆలస్యంగా చేరుతుంది. అనుభవజ్ఞులు దీన్ని బాగా వాడుతారు. వారి శరీరం వింతగా గుండ్రంగా తిరగడం చూసి మోసమని, దొంగ సాఫ్ట్‌వేర్ అని కోపగించవలసిన పనిలేదు. మళ్లీ అదే మాట: చూపు అలుగు మీద ఉంటే ఆ తిప్పుడు కూడా దొరుకుతుంది.

ముగ్గురు చుట్టుముడితే వారి మధ్యలో నిలబడకండి. ముగ్గురూ మీ తెరలో కనిపించేలా వెనక్కీ పక్కకూ జరుగుతూ, వారిలో ఇద్దరు ఒకే వరుసలోకి వచ్చేలా చేయండి. అప్పుడు వెనుకవాడి దెబ్బ ముందువాడికే తగిలే అవకాశం ఉంటుంది. అలా జరుగుతూ మీ జట్టు ఉన్న వైపుకు పోవడం పిరికితనం కాదు, అది ఆటలో అవసరమైన తెలివి.

ఏ పాత్ర, ఏ ఆయుధం

నాలుగు పాత్రలున్నాయి: నైట్, ఫుట్‌మ్యాన్, వాన్‌గార్డ్, ఆర్చర్. ఒక్కొక్క దానిలో మూడేసి ఉపవిభాగాలు. నైట్‌కు ప్రాణబలం ఎక్కువ, కదలిక నెమ్మది. కొత్తవారి పొరపాట్లను భరించే పాత్ర అదే కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. నైట్‌లోని ఆఫీసర్ బూర ఊదితే చుట్టుపక్కల ఉన్న సహచరుల గాయాలు మానుతాయి, గార్డియన్ జెండా నాటితే దాని దగ్గర నిలబడ్డవారు కోలుకుంటారు. కత్తిసాము రానివారికి ఈ రెండూ గొప్ప ఆసరా. వాన్‌గార్డ్ పరుగెత్తుకుంటూ ఎగిరి దెబ్బ వేయగలడు, త్వరగా చస్తాడు. ఆర్చర్ విషయం నాకు ఇష్టం లేదు. దూరం నుంచి బాణం వేసేవారికి దూరపు చూపే అలవడుతుంది గాని, దగ్గరి పోరులోని చూపు అలవడదు.

ఆయుధాల్లో లాంగ్‌స్వర్డ్‌తో మొదలుపెట్టడం మంచిది. వేగం, పొడవు, బలం మూడూ అందులో సమతూకంగా ఉంటాయి. మూడు రకాల దెబ్బలూ బాగా పడతాయి. చాలామంది అనుకున్నట్టు నిజమైన మధ్యయుగపు లాంగ్‌స్వర్డ్ పది కిలోల ఇనుపదిమ్మ కాదు. అది సాధారణంగా ఒకటిన్నర కిలోకు అటూ ఇటూ తూగేది. బరువైన కవచం తొడిగిన నైట్ మీద, ఫుట్‌మ్యాన్ మీద గద, సుత్తి వంటి మొద్దు ఆయుధాలు ఎక్కువ పనిచేస్తాయని ఆట కూడా పాటిస్తుంది. చరిత్రలోనూ ఇనుప పలకల కవచాన్ని కత్తి అంచు కోయలేదు కాబట్టే సుత్తులకూ, గొడ్డలీ సుత్తీ కలిసిన పోల్‌యాక్స్ వంటి వాటికీ అంత ఆదరణ కలిగింది. ఒకే ఆయుధాన్ని కనీసం పదిహేను, ఇరవై గంటలు వదలకుండా ఆడితేనే దాని దూరం కంటికి పట్టుబడుతుంది. ప్రతి చావుకూ ఆయుధం మార్చేవారు ఎన్నాళ్లయినా ఒకే చోట ఉంటారు.

జట్టు

ఈ ఆటలో మీ కత్తి మీ సహచరుణ్ణి కూడా గాయపరుస్తుంది. కొత్తవారు జట్టుకు చేసే పెద్ద నష్టం ఇక్కడే. ముందు ఒక సహచరుడు పోరాడుతుంటే అతని వెనుక నుంచి అడ్డదెబ్బ వేయకండి. పక్కకు తిరిగి శత్రువు పక్కటెముకల వైపుకు వెళ్లి, నెత్తిదెబ్బో పోటో వాడండి. ఒక శత్రువు మీద ఇద్దరు ఉంటే చాలు, మూడోవాడిగా చేరకుండా చుట్టూ చూసి వేరే పని వెతుక్కోవడం మంచి ఆటగాడి లక్షణం. నేలకూలిన సహచరుణ్ణి లేపే వీలుంటుంది; శత్రువులు దగ్గర లేని క్షణం చూసుకుని లేపండి. మీ గాయానికి మీరు కట్టు కట్టుకోవడానికి కూడా ఒక మూలకు తప్పుకోవాలి. చనిపోయినవారు గుంపులు గుంపులుగా తిరిగి పుడతారు కాబట్టి, పుట్టిన వెంటనే ఒంటరిగా పరుగెత్తకుండా ఆ గుంపుతో కలిసి నడవడం వల్ల బతుకు చాలా పొడుగవుతుంది.

నలుగురు స్నేహితులు కలిసి డిస్కార్డ్‌లో మాట్లాడుకుంటూ ఆడితే ఆనందం రెట్టింపవుతుందన్నది నిజం. మన ప్రాంతంలో అటువంటి నలుగురిలో ఒకరిద్దరు ఒడియా వారు ఉండటం మామూలే. ‘వెనక్కి’ అని మనం, ‘పఛకు’ అని వారు, మధ్యలో ఇంగ్లీషు మాట ఇంకొకరు అంటే, అర్థం చేసుకునేలోగా తల ఎగిరిపోతుంది. కుడి, ఎడమ, వెనక్కి, లేపు అన్న నాలుగింటికీ ఏ మాట వాడాలో పోరుకు ముందే అనుకోవాలి. మాట పొట్టిగా, ఎవరిని ఉద్దేశించినదో తెలిసేలా ఉండాలి. ‘అన్నా, నీ వెనకాల గొడ్డలి’ అన్న మాటలో కావలసినదంతా ఉంది. చచ్చిపోయినవాడు తన చావు గురించి సుదీర్ఘంగా వాపోతూ ఉంటే బతికున్నవారి చెవికి అడుగుల చప్పుడు వినబడదు. కాబట్టి చచ్చినవారు తిరిగి పుట్టేదాకా అవసరమైనదే మాట్లాడాలన్న నియమం పెట్టుకోండి.

సాధన పక్కనపెట్టి

రోజూ సాధన గురించే ఆలోచించనక్కరలేదు. ఈ ఆటను తయారుచేసినవారు నవ్వుకోవడానికి ఎన్నో ఏర్పాట్లు చేశారు. అరుపుకు ఒక ప్రత్యేకమైన బటన్ ఉంది. దాడికి ముందు జట్టంతా కలిసి అరుస్తూ పరుగెత్తడం వల్ల ఆటలో ఏ అంకే పెరగదు, అయినా ఆ పరుగులో కలవనివాడు ఎవడూ ఉండడు. చేతికి దొరికిన ప్రతి వస్తువునూ విసరవచ్చు: బల్లల మీది పాత్రలు, కోళ్లు, నేలమీద పడ్డ తెగిన తలలు, చివరకు మీ కత్తి. పారిపోతున్నవాడి వీపుకు తగిలేలా కత్తి విసిరి, ఖాళీ పిడికిళ్లతో తర్వాతివాణ్ణి ఎదుర్కోవడంలో ఒక దర్జా ఉంది. చేయి తెగిపోయినా మిగిలిన చేతితో కొన్ని క్షణాలు పోరాడవచ్చు. కూలిపోయినవాడు పాకుతూ వెళ్లి దొరికిన వస్తువుతో ఎవరినైనా కొట్టగలిగితే అదొక పండగే. గోడ మీది నిచ్చెనలు, రాళ్లు విసిరే యంత్రాలు, పెద్ద బాణాలు వేసే బాలిస్టాలు ఎక్కడున్నాయో చూసుకోండి. రాత్రి అలసిపోయి కత్తి ఎత్తే ఓపిక లేనప్పుడు వాటి దగ్గర అరగంట గడిపితే హాయిగా ఉంటుంది.

మాటల పెట్టెలో తిట్లు కనిపిస్తే జవాబు రాయవద్దు. అవతలివాణ్ణి మ్యూట్ చేసే వీలు ఉంది, వాడుకోండి. బాగా ఆడి మిమ్మల్ని ఓడించినవాడికి మాత్రం ఒక మంచి మాట రాయండి; అతను ఏ దేశంవాడైనా చాలాసార్లు తిరుగు జవాబు వస్తుంది, ఒక్కోసారి కిటుకు కూడా చెబుతాడు.

ద్వంద్వ పోరు, ‘మోర్డౌ’

గుంపు పోరులో రిపోస్ట్ అలవాటై, పోటునూ అడ్డదెబ్బనూ కన్ను వేరుచేస్తున్నదని మీకు నమ్మకం కలిగాక ద్వంద్వ సర్వర్లకు వెళ్లవచ్చు. అక్కడ ఒక మర్యాద ఉంది. పోరు మొదలుపెట్టే ముందు ఎదురుగా నిలబడి ఆయుధాన్ని ఊపి పలకరించాలి, అతను కూడా ఊపేదాకా కొట్టకూడదు, పక్కన జరుగుతున్న ఇతరుల పోరులో వేలు పెట్టకూడదు. ఒకే ప్రత్యర్థితో వరసగా పది పోరులు ఆడటం, పదిమందితో ఒక్కొక్కటి ఆడటం కన్నా ఎక్కువ నేర్పుతుంది. మొదటి మూడింటిలో అతని అలవాట్లు తెలుస్తాయి, తర్వాతివాటిలో ఆ అలవాట్లకు తగిన జవాబును పరీక్షించుకోవచ్చు. ఏ దెబ్బకు పడిపోయారో ప్రతిసారీ గుర్తుపెట్టుకోండి. అందులో ఒకే రకం దెబ్బ మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ మర్నాటి సాధన ఆ ఒక్కదాని మీదే సాగాలి.

ద్వంద్వ పోరు మీద మక్కువ పెరిగినవారు ‘మోర్డౌ’ను కూడా చూడాలి. స్లొవేనియాకు చెందిన ట్రైటర్నియన్ అనే చిన్న బృందం, ప్రజల నుంచి నిధులు కూడగట్టి, 2019 ఏప్రిల్ 29న దాన్ని విడుదల చేసింది. అందులో దెబ్బ దిక్కును మౌస్ కదలికతో నిర్ణయించుకోవచ్చు. కౌంటర్‌ను అక్కడ చేంబర్ అంటారు. ఒక దెబ్బను మొదలుపెట్టి మధ్యలో మరో రకానికి మార్చే వీలు కూడా ఉంది. కవచాన్నీ ఆయుధాలనూ 16 పాయింట్లలో సర్దుకుని మీ యోధుణ్ణి మీరే తయారుచేసుకుంటారు. లాంగ్‌స్వర్డ్‌ను అలుగు దగ్గర పట్టుకుని, పిడివైపుతో కవచం మీద మోదే పట్టు కూడా అందులో ఉంది. 15వ శతాబ్దపు జర్మన్ యుద్ధవిద్యా చిత్రాల్లో ఈ దెబ్బ కనిపిస్తుంది. ‘చివాల్రీ 2’ కన్నా ఇది కఠినమైనది, నవ్వులు తక్కువ, నేర్చుకోవలసినది ఎక్కువ. నెట్ బాగా లేని రోజుల్లో కంప్యూటరు నడిపే బాట్లతో ఒంటరిగా ఆడుకోవచ్చు కాబట్టి, వానాకాలంలో వారాల తరబడి లైను సరిగా ఉండని మన ఊళ్లకు ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. బాట్లతో ఆడేటప్పుడు దాడి పూర్తిగా మాని, అడ్డునూ చేంబర్‌నూ మాత్రమే సాధన చేయండి. బాట్ల మీద గెలుపు సులభం, ఆ గెలుపు నుంచి వచ్చే అలవాట్లు మనుషుల మీద పనిచేయవు.

రెండు ఆటలనూ ఒకే కాలంలో నేర్చుకోవద్దు. రెండింటిలో అడ్డు పెట్టవలసిన క్షణం కొద్దిగా తేడాగా ఉంటుంది. వేళ్లు తికమకపడి రెండింటిలోనూ ఆలస్యమవుతాయి. ఒకదానిలో కన్ను, చెయ్యి కుదురుకున్నాక రెండోదాన్ని మొదలుపెట్టి, మొదటి వారం రోజులు మొదటిదాన్ని తెరవకుండా ఉంచితే చాలు.